పందేనికి అటూ ఇటూ

1982 మార్చి 29న ఆస్కార్ వేదిక మీద ఉత్తమ నేపథ్య సంగీతానికి పోటీపడ్డ ఐదు సినిమాల్లో రెండింటి సంగీతం ఇవాళ్టికీ జనం చెవుల్లో ఉంది. ఒకటి జాన్ విలియమ్స్ చేసిన 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్', రెండోది వాంగెలిస్ చేసిన 'చారియట్స్ ఆఫ్ ఫైర్'. బహుమతి వాంగెలిస్‌కి దక్కింది. అది ఆయన 39వ పుట్టినరోజు కూడా. రెండేళ్లు తిరిగాక, 1984 జులై 28న లాస్ ఏంజెలెస్ కొలీజియంలో ఒలింపిక్స్ మొదలైనప్పుడు, 90,000కు పైగా జనం ముందు, ఆ ఉత్సవం కోసమే విలియమ్స్ రాసిన 'ఒలింపిక్ ఫ్యాన్‌ఫేర్ అండ్ థీమ్' తొలిసారి మోగింది. ఒకాయన ఒలింపిక్స్ మీద తీసిన సినిమాకి సంగీతం కట్టారు. మరొకాయన సినిమాల్లో గడించిన విద్యనంతా తెచ్చి ఒలింపిక్స్‌కే ఇచ్చారు. ఈ రెండు రచనలనూ వెంటవెంటనే వినడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. ఏది గొప్పదన్న ప్రశ్న నన్నెప్పుడూ పట్టి లాగలేదు. ఆటకు సంగీతం ఎక్కడ నిలబడాలన్న విషయంలో రెండూ వేరు వేరు జవాబులు చెబుతాయి. ఆ జవాబుల మధ్య ఉన్న చుట్టరికం గురించే నా ఆలోచనంతా.

'చారియట్స్' బాణీని తెలుగు పాఠకులకు పరిచయం చేయక్కర్లేదు. సినిమా పేరు తెలియనివాళ్లకు కూడా ఆ పియానో తెలుసు. టీవీ హాస్య కార్యక్రమంలో ఎవరైనా స్లో మోషన్‌లో పరుగెత్తితే వెనక అదే వస్తుంది. దాన్ని అసలు చోట చూడాలి. తెల్లబట్టల్లో కుర్రాళ్లు సముద్రపు ఒడ్డున వట్టి కాళ్లతో తడి ఇసుక చిమ్ముకుంటూ వస్తుంటారు. బాణీ కంటే ముందు సింథసైజర్ మీద ఒకే ఒక స్వరం, ఆధార షడ్జం, వడివడిగా కొట్టుకోవడం మొదలవుతుంది. మన కచేరీలో తంబురా చేసే పని ఇక్కడ అది చేస్తుంది. దాని మీద పియానో మెల్లగా స, మ, ప, ధ అని ఎక్కి, ప, గ అని దిగుతుంది. ఆ మొదటి వాక్యంలో నిషాదం లేదు, రిషభం లేదు. శంకరాభరణానికీ హరికాంభోజికీ ఉమ్మడిగా ఉన్న స్వరాలే అవి. తెరమీద కాళ్లు నెమ్మదిగా కదులుతుంటాయి, కింద షడ్జం మాత్రం తన వేగం తగ్గించదు. పరుగు వేగం అలాగే ఉంది, కాలమే సాగిందన్న భ్రమ మనకు కలిగేది ఆ ఒక్క స్వరం వల్లే.

విలియమ్స్ రచన అలా శ్రుతి పట్టుకుని కూర్చోదు. మొదటి క్షణంలోనే ఇత్తడి వాద్యాలు లేస్తాయి, వాటి కింద టింపనీ ఉరుముతుంది. 'స్టార్ వార్స్' మొదలవగానే షడ్జం నుంచి పంచమానికి ఒక్క అంగలో ఎగిరే ట్రంపెట్లు గుర్తున్నవాళ్లకు ఈ చెయ్యి ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది. నాలుగు నిమిషాల పైచిలుకు రచనలో ముందు పిలుపు (ఫ్యాన్‌ఫేర్) వస్తుంది, తర్వాత నిదానంగా విచ్చుకునే బాణీ వస్తుంది, చివరికి వచ్చేసరికి పిలుపూ బాణీ ఒకదాని మీద ఒకటి పడి కలిసి నడుస్తాయి. ఆ కలయిక దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. అరగంట సింఫనీలో చేయాల్సిన పనిని, టీవీ వాళ్లు వాణిజ్య ప్రకటనల మధ్య పది సెకన్లకు కోసి వాడుకుంటారని తెలిసి కూడా, ఆయన ఏ మాత్రం తగ్గించకుండా చేశారు. అలాగే, కోసినా చెడకుండా కూడా రాశారు. మొదటి పిలుపు ఒక్కటీ విన్నా ఒలింపిక్స్ వచ్చాయని తెలిసిపోతుంది. 'చారియట్స్'కూ అదే లక్షణం ఉంది. పియానో అందుకోకముందే, ఆ కొట్టుకునే షడ్జం రెండు క్షణాలు వినపడగానే గుర్తుపడతాం.

పని చేసే పద్ధతిలో ఇద్దరూ ఉత్తర దక్షిణాలు. వాంగెలిస్‌కి స్వరలిపి రాయడం, చదవడం వచ్చేది కాదు. లండన్‌లోని తన నీమో స్టూడియోలో, చుట్టూ వాయిద్యాలు పేర్చుకుని, బొమ్మ చూస్తూ వాయించేవారు. యమహా సీఎస్-80 అనే సింథసైజర్, ఒక గ్రాండ్ పియానో, ఆయన రెండు చేతులు, అదే ఆయన ఆర్కెస్ట్రా. విలియమ్స్ ఇప్పటికీ పియానో ముందు కూర్చుని కాగితం మీద పెన్సిల్‌తో రాసే మనిషి. ఆ కాగితం వందమంది దాకా వాద్యకారుల చేతుల్లో పడితే తప్ప ఆయన సంగీతానికి ఒళ్లు రాదు. కుర్రవాడిగా అమెరికా వైమానిక దళంలో పనిచేసిన రోజుల్లో అక్కడి బ్యాండుకు వాద్యరచన చేశారు. ఆరుబయట ఇత్తడి వాద్యాలు ఎంత దూరం వినిపిస్తాయో, ఎక్కడ గాలికి పలచబడతాయో అప్పుడే తెలుసుకుని ఉంటారు. ఇద్దరి తండ్రుల సంగతీ చెప్పాలి. విలియమ్స్ తండ్రి తాళవాద్యకారుడు. వాంగెలిస్ తండ్రికి పరుగు పందేలంటే ఇష్టం, తానూ పరుగెత్తేవాడు. 'చారియట్స్' సంగీతాన్ని తండ్రికి ఇచ్చిన కానుకగా వాంగెలిస్ చెప్పుకునేవారు. అంటే పరుగు ఇంట్లో పుట్టినవాడు సంగీతంతో దాన్ని తలుచుకున్నాడు, దరువు ఇంట్లో పుట్టినవాడు ఆటగాళ్లకు దరువు వేశాడు.

విలియమ్స్ పిలుపుకు ఒక పాత వంశం ఉంది. బాకా యుద్ధభూమి వాయిద్యం. బ్యూగిల్ అనే బాకాకి మీటలు ఉండవు, ఊపిరి బిగింపుతోనే స్వరం మారాలి. కాబట్టి షడ్జం, గాంధారం, పంచమం, మళ్లీ షడ్జం, ఇంతకు మించి తేలిగ్గా పలకదు. ఫ్యాన్‌ఫేర్‌లు చాలావరకు ఆ మూడు స్వరాల చుట్టూ తిరగడానికి కారణం ఆ లోహపు గొట్టమే. అమెరికాలో టీవీ ఒలింపిక్స్ అనగానే జనానికి ముందు గుర్తొచ్చేది విలియమ్స్ కంటే పాత రచన, లియో ఆర్నో 1958లో చేసిన 'బ్యూగ్లర్స్ డ్రీమ్'. దానికి మూలం పాత ఫ్రెంచి సైనిక బాకా వరస. ఆర్నో ఫ్రాన్సులో పుట్టి హాలీవుడ్‌లో స్థిరపడ్డ సినిమా సంగీతకారుడే. ఆ ముక్కను ఆయన క్రీడల కోసం రాయలేదు. ఒక గ్రామఫోన్ ఆల్బమ్ కోసం చేస్తే, 1960ల్లో ఏబీసీ వాళ్లు దాన్ని ఒలింపిక్స్ ప్రసారాలకు తీసుకున్నారు, తర్వాత ఎన్‌బీసీ అందుకుంది. 1996లో విలియమ్స్ బోస్టన్ పాప్స్ ఆర్కెస్ట్రాతో రికార్డు చేసినప్పుడు తన పిలుపును పక్కనపెట్టి, ఆర్నో పిలుపును ముందు నిలబెట్టి, దాని వెనక తన బాణీని అతికించారు. తన సొంత రచనకు తలకాయ తీసేసి మరొకరి తలకాయ పెట్టుకోవడానికి ఎంత నిబ్బరం కావాలి! అతుకు ఎక్కడుందో వెతికినా దొరకదు. ఎందుకంటే ఇద్దరూ అదే బాకా దగ్గర నేర్చుకున్నారు. వాంగెలిస్ బాణీ మాత్రం ఆ వంశానిది కాదు. ఆయన రెండో స్వరమే మధ్యమం, బ్యూగిల్ తేలిగ్గా పలకని స్వరం. పిలవడానికి అది పనికిరాదు, తలుచుకోవడానికి సరిపోతుంది.

నిజానికి 'చారియట్స్ ఆఫ్ ఫైర్' మొదలయ్యేదే తలుచుకోవడంతో. 1978లో, ఆ పరుగెత్తే కుర్రాళ్లలో ఒకడైన హెరాల్డ్ అబ్రహామ్స్ సంస్మరణ సభ. అక్కడినుంచి కథ వెనక్కి, 1924కి, ఆ ఇసుక మీది పరుగుకి వెళుతుంది. అంటే ఆ కుర్రాళ్లు పరుగెత్తుతూ కనిపించే వేళకే వాళ్ల పందేలన్నీ ముగిసిపోయాయి, పతకాలు చరిత్రలో చేరిపోయాయి. ఆ సంగీతం వెనక్కి తిరిగి చూస్తున్న సంగీతం. విలియమ్స్ సంగీతం అందుకు పూర్తిగా ఎదురు. 1984 జులై 28 సాయంత్రానికి ఒక్క పతకమూ తేలలేదు. ఎవరు గెలుస్తారో, ఎవరు మడమ మెలిపడి ట్రాక్ మీద కూలబడతారో ఆయనకు తెలియదు. తెలియకుండానే రాయాలి.

సినిమా సంగీతకారుడికి ఇది ఎంత కష్టమో మన పాఠకులు తేలిగ్గా ఊహించగలరు. రీరికార్డింగ్ అంటే ఏమిటో తెలుగు ప్రేక్షకుడికి బాగా తెలుసు. బొమ్మ ఎడిటింగ్ పూర్తయి చేతికొచ్చాక, ఏ క్షణంలో కత్తి దిగుతుందో, ఏ క్షణంలో కన్నీరు జారుతుందో చూసుకుని సంగీతం కడతారు. సినిమా సంగీతానికి అంతా ముందే తెలుసు. విలియమ్స్ ఆ విద్యలో ఎంత ఘనుడో చూడాలంటే మొదటి 'హ్యారీ పోటర్' సినిమాలో క్విడిచ్ ఆట చాలు. చీపురుకట్ట అటు తిరిగితే వయొలిన్లు అటు తిరుగుతాయి, బంగారు బంతి హ్యారీ నోట్లో పడే క్షణానికి ఆర్కెస్ట్రా సిద్ధంగా ఉంటుంది. అలాగే 1977 నాటి 'బ్లాక్ సండే'కి సంగీతం ఆయనే. సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) మైదానం మీద ఉగ్రవాద దాడి కథ అది, అసలు సూపర్ బౌల్ జరుగుతుండగా తీసిన దృశ్యాలు అందులో ఉన్నాయి. అక్కడ ఆయన సంగీతానికి ఆటతో పని లేదు, ఆట మీదికి వస్తున్న ముప్పుతోనే పని. ఈ రెండు సినిమాల్లోనూ సంగీతం ఎవరో ఒకరి పక్షాన ఉంటుంది. మైదానానికి రాసేటప్పుడు ఆయన ఆ రెండు సుఖాలూ వదులుకోవాలి: ముగింపు తెలియడం, పక్షం ఉండడం.

అయితే ఇక్కడే వాంగెలిస్ మళ్లీ దగ్గరికొస్తారు. సినిమా సంగీతాలు ఎన్నో ఉండగా ఆయనదే ఎందుకు ప్రపంచంలోని మైదానాలన్నీ తమదనుకున్నాయి? ఆ ఇసుక దృశ్యాన్ని ఇంకోసారి చూస్తే నాకు సమాధానం దొరికింది. అక్కడ పందెం లేదు. గీత లేదు, గడియారం లేదు, గెలిచినవాడు లేడు. కథలోని ఇద్దరు ముఖ్య పరుగువీరులు లిడెల్, అబ్రహామ్స్, మిగతా కుర్రాళ్లు గుంపుగా సాధన చేస్తున్నారంతే. కెమెరా ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి పోతుంటే సంగీతం అందరికీ సమానంగా పంచుతుంది. సినిమాలో పోటీ లేని చోటు అది, సినిమా నుంచి మైదానానికి నడిచి వచ్చిన బాణీ కూడా అదే. క్విడిచ్ సంగీతం ఎంత గొప్పదైనా ఏ స్టేడియంలోనూ నిలవదు, దానికి హ్యారీ కావాలి. వాంగెలిస్ పందెం అయిపోయాక నిలబడ్డారు, విలియమ్స్ మొదలుకాక ముందు నిలబడ్డారు. పందెం నడిచే ఆ పది సెకన్లలోకి ఇద్దరూ అడుగుపెట్టలేదు. ఆ పది సెకన్లు జనం అరుపుకే చెందుతాయని ఇద్దరికీ తెలుసు.

ఈ లెక్క ఎంత నిజమో 2023లో తేలింది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ జాతీయ చాంపియన్‌షిప్ ప్రసారం కోసం ఈఎస్‌పీఎన్ అడిగితే విలియమ్స్ 'ఆఫ్ గ్రిట్ అండ్ గ్లోరీ' అనే కొత్త ఆర్కెస్ట్రా రచన చేశారు. అప్పటికి ఆయనకు 90 ఏళ్లు, ఇంకో నెలలో 91. జనవరి 9న లాస్ ఏంజెలెస్ పక్కనే ఇంగిల్‌వుడ్‌లోని సోఫై స్టేడియంలో జార్జియా యూనివర్సిటీ, టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ జట్లు తలపడ్డాయి. అక్కడ చదువుకునే మన పిల్లలకు తెలిసిన సంగతే, అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో సంగీతానికి కొదవ ఉండదు. ప్రతి యూనివర్సిటీకి తన మార్చింగ్ బ్యాండు, తన పోరుపాట ఉంటాయి. అవి పూర్తిగా పక్షపాత సంగీతాలు, అందులోనే వాటి అందం. రెండు బ్యాండులు రెండు వైపులా హోరెత్తించే చోట, ఏ జట్టుకూ చెందని మూడో సంగీతం రాయమంటే విలియమ్స్ ఏం చేశారు? తన పాత విద్యే వాడారు. ఇత్తడి వాద్యాలకు బరువు, తంత్రీ వాద్యాలకు సాగుదల ఇచ్చి, మధ్యలో పందేనికి ముందు గుండెలో ఉండే బెరుకుకు కాస్త చోటిచ్చారు. ఆ తర్వాత ఆట జరిగింది. సగం ఆటకే 38–7. ముగిసేసరికి జార్జియా 65–7తో గెలిచింది. ఏ దర్శకుడూ ఒప్పుకోని కథ అది. ఉత్కంఠ లేదు, మలుపు లేదు. అదే సినిమా అయితే సంగీతకారుడు ఓడుతున్న జట్టుకు ఒక దీనమైన వయొలిన్ ఇచ్చి ఆదుకునేవాడు. మైదానంలో ఆ అవకాశం లేదు. అయినా ఆ రాత్రి సంగీతం అబద్ధం కాలేదు. అది గెలుపు గురించి ఏ హామీ ఇవ్వలేదు, రెండు జట్లు మైదానంలోకి వస్తున్నాయని మాత్రమే చెప్పింది. ఓడిన జట్టు కుర్రాళ్లు ముందు విన్నదీ ఆ సంగీతమే. 2028 ఒలింపిక్స్ ప్రారంభోత్సవాన్ని కొలీజియంలోనూ ఈ సోఫైలోనూ కలిపి జరపాలని నిర్వాహకులు ప్రకటించారు. ఆ రెండు మైదానాలకూ విలియమ్స్ సంగీతం ముందే అంది ఉంది.

సినిమావాళ్లు మైదానానికి రాయడం కొత్త కాదు. 1978 అర్జెంటీనా ప్రపంచకప్‌కు ఎన్నియో మోరికోనే రాశారు, 2018 నుంచి ఫార్ములా వన్ ప్రసారాలకు బ్రయాన్ టైలర్ రచన వస్తోంది. విలియమ్స్ కూడా ఒకసారి రాసి ఊరుకోలేదు. 1988లో సియోల్ క్రీడల ప్రసారానికి, 1996లో అట్లాంటాకి, 2002లో సాల్ట్ లేక్ శీతాకాల క్రీడలకు గాయక బృందంతో సహా రాశారు. వాటిలో నాకు 1984 నాటిదే ఎక్కువ ఇష్టం. తర్వాతివి గంభీరంగా ఉన్నాయి, ఇది సంతోషంగా ఉంది. దానికి గ్రామీ వచ్చిన ఏడాది బహుమతిని ఇంకొకరితో పంచుకోవాల్సి వచ్చింది. ఆ రెండోది రాండీ న్యూమన్ 'ద నేచురల్' అనే బేస్‌బాల్ సినిమాకి చేసిన సంగీతం. నిజం ఆటకు రాసినదానికీ, సినిమా ఆటకు రాసినదానికీ తీర్పరులు సమానంగా ఓటేశారు.

వాంగెలిస్‌ కూడా గీత దాటి అటు వెళ్లారు. 2002లో కొరియా, జపాన్ కలిసి జరిపిన ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు అధికారిక గీతం ఆయనే చేశారు. శ్రద్ధగా చేసిన రచన, వినసొంపుగానే ఉంటుంది. కాని కావాలని మైదానానికి రాసిన ఆ గీతం కంటే, మైదానాన్ని తలుచుకుంటూ తన గదిలో వాయించుకున్న 'చారియట్స్' మైదానాలకు ఎక్కువ చేరింది. ఆయన బలం పిలుపులో లేదు, జ్ఞాపకంలో ఉంది. విలియమ్స్‌కి సరిగ్గా తిరగేసి చెప్పాలి. ఆయన గెలుపు సంబరం రాసినా అది కొత్తగా ఎవరినో లేపుతున్నట్టే ఉంటుంది.

2012 జులై 27న లండన్ ఒలింపిక్స్ ప్రారంభంలో 'చారియట్స్' వాయించింది లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా, నడిపింది సైమన్ రాటిల్. సింథసైజర్ ముందు కూర్చున్నది మిస్టర్ బీన్‌గా రోవన్ అట్కిన్సన్. ఆయనకు ఇచ్చిన పని ఒకే ఒక స్వరాన్ని ఒక్క వేలితో కొడుతూ ఉండడం. జనం పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను. కాని రచనకు ప్రాణమైన ఆ షడ్జాన్ని ఆ హాస్యం ఎంత దగ్గరగా చూపించిందో గమనించాలి. ఆయన విసుగొచ్చి కలలోకి జారిపోయినా వేలు ఆగలేదు, ఆగితే ఆర్కెస్ట్రా మొత్తం నిలిచిపోతుందని మనకు తెలుస్తూనే ఉంటుంది. ఆ క్రీడల్లో పతకాలు ఇచ్చేటప్పుడు వినిపించింది కూడా ఈ బాణీయే. అది సరైన చోటు. పరుగు అయిపోయింది, ఊపిరి కుదుటపడింది, ఇప్పుడు తలుచుకోవచ్చు.

2021 అక్టోబరులో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌ను విలియమ్స్ నడిపించినప్పుడు కచేరీ మొదట వాయించింది 'ఒలింపిక్ ఫ్యాన్‌ఫేర్ అండ్ థీమ్'. చుట్టూ క్రీడాకారులు లేరు, జ్యోతి లేదు, టీవీలో దేశాల జెండాలు లేవు. అయినా రచనకు ఏ లోటూ కనిపించలేదు. పిలుపు, బాణీ ఒకదాన్నొకటి వెతుక్కుని చివర్లో కలుసుకునే ఆ కట్టడమే దానికి కథ. ఇక్కడ వాంగెలిస్ రచన వెనకబడుతుందని అనేవాళ్లున్నారు. బొమ్మ తీసేస్తే అందులో మిగిలేది ఒక పియానో వాక్యం, ఒక షడ్జం మాత్రమేనంటారు. నేను ఒప్పుకోను. బొమ్మ తీసేసినా అది తన బొమ్మను తానే తెచ్చుకుంటుంది, సినిమా చూడనివాడి కళ్ల ముందు కూడా ఎవరో పరుగెత్తుతారు. కాని ఆర్కెస్ట్రా వాయిస్తే మాత్రం ఏదో పోతుంది. వందమంది కలిసి తలుచుకున్నప్పుడు జ్ఞాపకం సభగా మారుతుంది. అందుకే లండన్ ఆర్కెస్ట్రా ఎంత బాగా వాయించినా, నేను వినడానికి ఎంచుకునేది 1981 నాటి రికార్డింగే, ఒక్కడే కూర్చుని తండ్రి కోసం వాయించినదే. విలియమ్స్‌ది మాత్రం బెర్లిన్‌లోనైనా బోస్టన్‌లోనైనా, ఎంత మంది వాయిస్తే అంత బాగుంటుంది.